ఇరవై ఒక్క రోజుల మర్యాద

మెట్ట ప్రాంతంలో ఒక ఊరు. ఆ ఊరి చివర జీడిమామిడి తోట, తోటని ఆనుకుని అచ్చాయమ్మగారి కోళ్ళ దొడ్డి. ఆ దొడ్లో గుడ్లు పెట్టే పెట్టలు ముప్పై రెండూ ఒక పుంజూ ఉండేవి. వాకిలి దాటి అవతల చివర పాకలో సత్తియ్య అనే ముసలి ఎద్దు ఉండేవాడు. దొడ్డికి పెద్ద తానేనని పుంజుకి గట్టి నమ్మకం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు గనక ఆ నమ్మకాన్ని ఎవరూ కాదనలేదు. అసలు పెత్తనం పింగళమ్మది.

అక్కడ ఒంటి రంగుని బట్టే పేర్లు పెట్టేవారు. పసుపూ ఎరుపూ కలిసిన ఈకలున్నావిడ పింగళమ్మ. తెల్లగా మెరిసే పుంజు సేతువ. ఒళ్ళంతా నువ్వులు చల్లినట్టు చుక్కలున్న చిన్న పెట్ట నువ్వులమ్మ. ఈ కథ నువ్వులమ్మది.

కోళ్ళకి తిండి ఎంత ముఖ్యమో వరస అంతకంటే ముఖ్యం. పొద్దున్నే అచ్చాయమ్మగారు తొట్టిలో నీళ్ళు పోసి వెళ్ళగానే మొదట పింగళమ్మ తాగాలి. తరవాత పింగళమ్మకి కుడిపక్క పడుకునే ఆవిడ, ఆ తరవాత ఎడంపక్క ఆవిడ, అలా లెక్క తప్పకుండా జరగాలి. వరస మరిచిపోయిన వాళ్ళకి నెత్తి మీద ఒక పోటు పడేది, దాంతో గుర్తొచ్చేది. నువ్వులమ్మది ముప్పై రెండో చోటు. అందరికంటే ఆఖర్న వచ్చింది గనక అందరికంటే ఆఖర్న తాగాలి. తన వంతు వచ్చేసరికి నీళ్ళు అడుగంటేవి, ఉన్నవాటిలో ఊకా ఈకలూ తేలేవి.

అయితే ఆఖర్న నిలబడడంలో ఒక సుఖం ఉంది. చూడ్డానికి బోలెడంత తీరిక దొరుకుతుంది. ఇవాళ ఎవరు తిండి తగ్గించారు, ఎవరి రెట్ట గట్టిగా ఉంది, ఎవరి గుడ్డు పెంకు పల్చబడింది, ఎవరు రెక్క ఈడుస్తున్నారు, అన్నీ నువ్వులమ్మకి తెలుసు. ఎవరూ అడగలేదు గనక ఎవరికీ చెప్పలేదు.

ఈ వరసని మించిన ఆచారం ఆ దొడ్లో ఒక్కటే ఉండేది. చుట్టం వస్తే మొదటి నీళ్ళు చుట్టానికి. పింగళమ్మ అంతటావిడ కూడా పక్కకి జరిగి నిలబడేది. అచ్చాయమ్మగారి దొడ్లో ఉన్నంత మర్యాద చుట్టుపక్కల ఏ దొడ్లోనూ లేదని కోళ్ళన్నీ చెప్పుకునేవి. నాలుగేళ్ళలో వచ్చిన చుట్టాలు ఇద్దరేననీ, అందులో ఒకరు పావురమనీ మాత్రం చెప్పుకునేవి కావు.

ఇక నక్కగారి సంగతి. ఆయన జీడితోటలో కాపురం. వయసు మళ్ళింది, ముందరి పళ్ళు రెండు ఊడాయి. దానికి తోడు అచ్చాయమ్మగారు దొడ్డినీ వాకిలినీ కలిపి చుట్టూ కొత్తగా ఇనప వల కట్టించారు. ఆయన వల చుట్టూ మూడుసార్లు తిరిగి, కట్టినవాడి పనితనాన్ని మెచ్చుకుని వెళ్ళిపోయారు.

అలాంటి రోజుల్లో కాలవ అవతలి ఊళ్ళో కోళ్ళకి కొక్కెర తెగులు తగిలింది. ఇళ్ళకి ఇళ్ళే ఖాళీ అయ్యాయి. చచ్చిన కోళ్ళని ఎవరికి వాళ్ళు తెచ్చి కాలవ గట్టున పారేశారు. నక్కగారు పదిహేను రోజులు గట్టు మీదే కూర్చుని తిన్నారు. పరిగెత్తే పని లేదు, కుక్కల గొడవ లేదు, వలలు దూకే అవసరం అసలే లేదు. తాను దూరలేని చోటికి తెగులు దూరుతుందని, తాను మొయ్యలేనన్నిటిని అది పడగొడుతుందని అప్పుడు ఆయనకి అర్థమైంది. గట్టు ఖాళీ అయ్యాక చూస్తే ఆ ఊళ్ళో ఒక్క పెట్ట మిగిలింది, అది కూడా తూలుతోంది. నక్కగారు పుట్టి బుద్ధెరిగాక ఎదురుగా ఉన్న కోడిని తినకుండా వదలడం అదే మొదలు. ఆయన కళ్ళకి ఆ ఒక్క కోడి కాదు, వల వెనకాల ఉన్న ముప్పై రెండూ కనిపిస్తున్నాయి.

మర్నాడు పొద్దున, తొట్టిలో నీళ్ళు ఇంకా పొయ్యని వేళ, నక్కగారు దొడ్డి తలుపు దగ్గరికి వచ్చారు. వెనకాల పది బారల దూరంలో ఎర్రటి పెట్ట ఒకటి నిలబడి ఉంది. కోళ్ళన్నీ గోలపెట్టి గోడవారకి చేరాయి. సేతువ అందరికంటే ముందు చేరాడు.

"భయపడకండి," అన్నారు నక్కగారు. "నన్ను లోపలికి రానివ్వమని అడగడానికి రాలేదండి. నేను నక్కని. నన్ను నమ్మితే తప్పు మీదే అవుతుంది. తలుపు నా కోసం తియ్యద్దు. అదిగో, ఆవిడ మీ చుట్టం. ఆవిడ కోసం తియ్యండి. కావాలంటే నేను ఆ జీడిచెట్టు దాకా వెళ్ళి నిలబడతాను."

అని నిజంగానే జీడిచెట్టు దాకా వెళ్ళి నిలబడ్డారు.

ఇంత నిజాయితీగా మాట్లాడే నక్కని ఆ దొడ్లో ఎవరూ చూడలేదు. పింగళమ్మ రెండడుగులు ముందుకి వేసి, ఏ వరసలో చుట్టమని అడిగింది. ఆవిడ పేరు డేగమ్మ అనీ, కాలవ అవతల ఊరనీ, పింగళమ్మగారి పిన్ని పెట్టిన గుడ్డనీ, వేరే పెట్ట పొదిగితే మూడో పెట్ట పెంచిందనీ నక్కగారు చెట్టు దగ్గర్నుంచే వివరంగా చెప్పారు. కోళ్ళలో పెట్టేది ఒకరు, పొదిగేది ఒకరు, పెంచేది ఒకరు గనక ఎవరు ఎవరికి ఏమవుతారన్నా కాదనడానికి వీల్లేదు. మరి దార్లో ఈవిణ్ణి ఎందుకు తినలేదని పింగళమ్మ అడిగింది. పన్ను నొప్పిగా ఉందని ఆయన చెప్పారు. అదీ నమ్మేటట్టే ఉంది.

నువ్వులమ్మ అందరికీ వెనకాల నిలబడి ఆ ఎర్ర పెట్టని చూస్తోంది. డేగమ్మ నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. పీల్చినప్పుడల్లా గొంతులో గురగురమంటోంది. ఒక రెక్క నేలకి రాసుకుంటోంది. ముక్కు కింద తడిగా ఉంది. ఆవిడ నిలబడ్డ చోట నేల మీద నీళ్ళలాంటి ఆకుపచ్చ రెట్ట. చూస్తుండగానే ఆవిడ కాళ్ళ మధ్య నుంచి ఒక తోలుగుడ్డు జారి పడింది. పెంకు లేని ఆ గుడ్డు నేలకి తగిలి చితికిపోయినా ఆవిడ వంగి చూసుకోలేదు.

నువ్వులమ్మ ఇదివరకే ఇది చూసింది. ఈ దొడ్డికి రాకముందు తనది అచ్చాయమ్మగారి కోడలు కాంతం పుట్టిల్లు. అక్కడ ముప్పై ఎనిమిది మంది ఉండేవారు. ఒక ఆదివారం ఎవరికో తోలుగుడ్డు పడితే అందరూ నవ్వారు. బుధవారానికి నవ్వడానికి తనొక్కతే మిగిలింది. తనకీ జబ్బు చేసింది, ఎలా బతికిందో తనకే తెలియదు. ఇప్పుడీ డేగమ్మ లోపలికి వచ్చి మొదటి నీళ్ళు తాగితే, ఆ తొట్టిలోనే వెనకాల ముప్పై రెండు ముక్కులు మునుగుతాయి. వారం తిరక్కుండా ఈ దొడ్డీ ఖాళీ అవుతుంది.

ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. కాని ముప్పై రెండో చోటు నుంచి చెప్పిన మాట మొదటి చోటు దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. పైగా గుమ్మంలోకి వచ్చిన చుట్టానికి రోగమని పేరుపెట్టి పంపేశారన్న మాట ఊళ్ళో పాకితే పింగళమ్మ తల ఎత్తుకోలేదు. అంతకంటే తొట్టి దగ్గర చచ్చిపోవడం నయమనుకునే మనిషి ఆవిడ. అప్పటికే ఆవిడ తలుపుకి కట్టిన తాడు ముక్కున కరుచుకుంది.

"అక్కా, ఒక్క నిమిషం ఆగండి," అంది నువ్వులమ్మ. "మీ పిన్నిగారి బిడ్డని తీసుకెళ్ళి ఆ తొట్టి దగ్గరా నిలబెడతారు? అది మేమందరం మూతులు పెట్టే తొట్టి. అందులో నేను కూడా తాగుతాను."

పింగళమ్మ తాడు వదిలింది. ఆ సంగతి ఆవిడకి తోచలేదు.

"మావైపు పెద్దింటి చుట్టం వస్తే ఇలా చెయ్యరండి," అంది నువ్వులమ్మ, ఎక్కడా తడబడకుండా. "ఇరవై ఒక్క రోజుల మర్యాద చేస్తారు. విడిది వేరే, నీళ్ళు వేరే, గింజలు వేరే. ఎవరు పడితే వాళ్ళు వెళ్ళి చూడకూడదు, అలా చూస్తే చుట్టాన్ని చులకన చేసినట్టు. ఇరవై రెండో రోజున ఆవిడే వచ్చి మీ పక్కన నిలబడుతుంది. ఎద్దు బాబాయి పాకలో పెద్ద గంప ఖాళీగా ఉంది కదా. మీకు తెలియని సంగతి నేను చెప్పడమేమిటి లెండి."

పింగళమ్మ ఇలాంటి మర్యాద పుట్టాక వినలేదు. అయితే మర్యాదల విషయంలో తనకి తెలియనిది ఒకటుందని ఒప్పుకోవడం కంటే ఒక పూట గుడ్డు మానెయ్యడం ఆవిడకి తేలిక.

"నేను అదే చెప్పబోతున్నాను," అంది. "మధ్యలో నువ్వు దూరావు. విడిది సరే, చాకిరీకి ఎవరుంటారు?"

"నేనుంటానండి. చుట్టానికి చాకిరీ చేసినవాళ్ళు కూడా ఆ ఇరవై ఒక్క రోజులూ ఇటు రాకూడదు. నేనైతే నన్నెవరూ వెతుక్కోరు."

ఈ మాట నువ్వులమ్మ మామూలుగానే అంది. అన్నాక మటుకు కొంచెం బాధ కలిగింది, ఎందుకంటే ఎవరూ కాదనలేదు.

జీడిచెట్టు కింద నక్కగారు, ఇంత శ్రమ ఎందుకండీ, లోపలే ఒక మూల సర్దుకుంటుంది కదా అన్నారు. మా ఇంటి చుట్టాన్ని మూలన కూర్చోబెట్టమనడానికి మీరెవరని పింగళమ్మ అడిగింది. 

నువ్వులమ్మ తలుపు సందున బయటికి వచ్చి, వల వెలుపలి దారినే నడిచి, డేగమ్మని దొడ్లో అడుగు పెట్టనివ్వకుండా పాకకి తీసుకెళ్ళింది.  సత్తియ్య కొమ్ముతో గంప ఎత్తి పట్టుకున్నాడు, డేగమ్మ లోపలికి వెళ్ళాక మెల్లిగా దించాడు. నువ్వులమ్మ ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు అచ్చాయమ్మగారు తననీ ఆ గంప కిందే మూడు వారాలు ఉంచారు. అప్పుడు అది తనకి ఎంతో అవమానంగా తోచింది. కొత్తగా వచ్చినవాళ్ళ ఒంట్లో ఏముందో పైకి తేలడానికి అన్ని రోజులు పడుతుందని, అది కోపం వల్ల కాదని సత్తియ్యే చెప్పాడు. ఆయన ఏడాదికి నాలుగైదు మాటలు మాట్లాడేవాడు. అందులో రెండు ఆరోజే ఖర్చయ్యాయి.

గంప దించగానే డేగమ్మ తల ఎత్తి, "నీళ్ళున్నాయా?" అని అడిగింది.

నువ్వులమ్మ కొబ్బరి చిప్పలో నీళ్ళు గంప కిందకి తోసింది. డేగమ్మ చాలాసేపు తాగింది. సగం మింగుడు పడక ముక్కులోంచి బయటికి వచ్చాయి.

"మా దొడ్లో అందరూ పోయాక నీళ్ళు పోసేవాళ్ళు లేరు," అంది. "ఇక్కడ మొదటి నీళ్ళు చుట్టానికేనని నక్కగారు చెప్పారు. అందుకని వచ్చాను. నేను మీకు చుట్టాన్నో కాదో నాకు తెలియదమ్మా."

"చుట్టానివే," అంది నువ్వులమ్మ. ఆ మాట తనకి అబద్ధంగా తోచలేదు. గంపని ఆనుకుని కూర్చుని, కాంతం పుట్టింట్లో పోయిన ముప్పై ఏడు మందిని ఒక్కొక్కరినీ తలుచుకుని ఏడ్చింది.

గంప కింద కొత్త కోడి ఉన్న సంగతి అచ్చాయమ్మగారూ చూశారు, కోడలు కాంతమూ చూసింది. కోడలు కొనుక్కొచ్చిందని అత్తగారు అనుకున్నారు, అత్తగారు తెప్పించారని కోడలు అనుకుంది. ఆ వారం ఇద్దరికీ మాటల్లేవు గనక ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒక్క విషయంలో మాత్రం కోళ్ళు అదృష్టవంతులు. ఆ ఇంట్లో పొద్దున్నే ముందు కోళ్ళకి నీళ్ళూ గింజలూ వేసి, ఆ తరవాతే పాకలోకి వెళ్ళి ఎద్దుకి గడ్డి వేసేవారు. పాకలో పని కాగానే నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి పోయేవారు. పాకలో తొక్కింది ఏదీ దొడ్లోకి రాలేదు.

మూడో రోజు పొద్దున నక్కగారు మళ్ళీ వచ్చారు. దొడ్డి వెనక ఎవరూ ఏమీ పారెయ్యలేదు. వలలోంచి చూస్తే ముప్పై ఒక్క పెట్టలూ చక్కగా గింజలు ఏరుకుంటున్నాయి. ఆయన మనసు పాడైపోయింది.

"పింగళమ్మగారూ, ఇదేమీ బాగాలేదండి," అన్నారు. "చుట్టాన్ని తెచ్చి ఎద్దు పాకలో గంప కింద పెట్టారని కాలవ అవతల అందరూ చెప్పుకుంటున్నారు. దొంగని మూసిపెట్టినట్టు మూసిపెట్టారట. ఇరవై ఒక్క రోజుల మర్యాదని ఎవరూ విన్నట్టు లేదు. అడిగినవాళ్ళకి ఏం చెప్పమంటారు?"

కాలవ అవతల చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదన్న సంగతి పింగళమ్మకి తెలియదు. ఆవిడ ముఖం ఎర్రబడింది. కోళ్ళన్నీ వెంట రాగా వాకిలి వైపు మట్టిగోడ ఎక్కి, అక్కడి నుంచే పాక వైపు కేకేసింది. ఇరవై ఒక్క రోజులూ వద్దు, ఏమీ వద్దు, చుట్టాన్ని ఇప్పుడే లోపలికి తీసుకురా అంది. అబద్ధాలు చెప్పినందుకు నీ సంగతి తరవాత చూస్తానని కూడా అంది. ఇద్దరు ముగ్గురు చిన్న పెట్టలు అప్పుడే గోడ దిగబోయాయి.

నువ్వులమ్మ పాక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మధ్యలో వాకిలంతా ఖాళీ.

"అబద్ధమేనండి," అంది. "మా వైపు అలాంటి మర్యాద లేదు. ఉండి ఉంటే మా వాళ్ళు బతికేవారు."

గోడ దిగబోతున్నవాళ్ళు ఆగారు.

"ఇది కొక్కెర తెగులు. కాంతంగారి పుట్టింట్లో కళ్ళారా చూశాను. మొదట గుడ్లు తగ్గుతాయి, పెంకు లేకుండా పడతాయి. మనం నవ్వుతాం. తరవాత ముక్కు కారుతుంది, నోరు తెరిచి ఊపిరి పీలుస్తారు, గురగురమంటుంది. ఆకుపచ్చ రెట్ట వేస్తారు. చివరికి మెడ తిరిగిపోతుంది, కాళ్ళు పడిపోతాయి. వచ్చాక మందు లేదు. ఒకరు తాగిన నీళ్ళు ఇంకొకరు తాగితే చాలు. మా పెద్దావిడ కూడా మీలాగే చుట్టాల్ని బాగా చూసేది. ఆవిడే ముందు పోయింది."

 నీ మాట నిజమని ఎలా నమ్మమంటావని పింగళమ్మ అడిగింది. నువ్వులమ్మ సత్తియ్య వైపు చూసింది. ఆయన గంపని కొమ్ముతో ఒక పక్కకి ఎత్తాడు.

డేగమ్మ కూర్చునే ఉంది. మెడ మెలి తిరిగి, ముఖం ఆకాశం వైపుకి ఉంది. కాళ్ళు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ చాపుకుపోయాయి. నీళ్ళ చిప్ప ఎక్కడుందో ఆవిడకి కనిపించడం లేదు, ముక్కుతో గాలిలో వెతుక్కుంటోంది.

"భక్తురాలండి," అన్నారు నక్కగారు వల అవతల నుంచి. "మా దగ్గర కూడా ఎప్పుడూ పైకే చూస్తూ ఉండేది."

ఎవరూ ఆయన వైపు తిరగలేదు. నువ్వులమ్మ వెళ్ళి చిప్పని డేగమ్మ ముక్కుకి ఆనించి పట్టుకుంది. గోడ మీద ముప్పై ఒక్క పెట్టలూ అది చూశాయి. పింగళమ్మకి ముందు భయం వేసింది, ఆ తరవాత సిగ్గు వేసింది. మొన్న పొద్దున తాను కరిచి పట్టుకున్న తాడు గుర్తొచ్చి గోళ్ళు గోడలోకి దిగేలా బిగించింది.

"ఎవరూ గోడ దిగకండి," అంది చివరికి. "నువ్వులమ్మా, ఆవిడకి ఏం కావాలో చూడు. మర్యాద తగ్గకూడదు."

తరవాత నక్కగారి వైపు తిరిగి, మా చుట్టం గురించి మీరింత శ్రద్ధ తీసుకున్నందుకు సంతోషమనీ, కాలవ అవతల అడిగినవాళ్ళకి ఇరవై ఒక్క రోజుల మర్యాద అచ్చాయమ్మగారి దొడ్లో మొదలైందని చెప్పమనీ అంది. నక్కగారు చెబుతానన్నారు.

డేగమ్మ ఆ మధ్యాహ్నమే పోయింది. పోయే ముందు నువ్వులమ్మతో, "ఇంత మర్యాద నాకెవరూ చెయ్యలేదమ్మా," అంది.  ఆవిడకి చేసినదాంట్లో మర్యాద ఎంత, భయం ఎంత అని లెక్క చూసుకుంటే నువ్వులమ్మకే తేలలేదు.

సాయంత్రం అచ్చాయమ్మగారూ కాంతమూ గంప దగ్గర ఒకేసారి నిలబడ్డారు. ఈ కోడి నువ్వు తెచ్చింది కాదా అని ఒకరు, మీరు తెప్పించింది కాదా అని ఒకరు. వారం తరవాత ఆ ఇంట్లో అదే మొదటి మాట. మెడ తిరిగిన తీరు చూడగానే కాంతానికి పుట్టింటి సంగతి గుర్తొచ్చింది. వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు పంపింది.

మర్నాడు కాంపౌండరు వచ్చాడు. చచ్చిన కోడిని గట్టున పారెయ్యకూడదనీ, కోసుకుని పంచుకోకూడదనీ చెప్పి, తోట మూల నడుం లోతు గొయ్యి తీయించాడు. డేగమ్మని, ఆవిడ తాగిన చిప్పని, గంపలోని ఊకని అందులో పెట్టి, పైన బస్తా సున్నం పోయించి, మట్టి కప్పించాడు. గంపని కాల్పించాడు. దొడ్డి గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ళలో తడిపిన గోనెపట్టా వేసి, ఎవరు లోపలికి వెళ్ళినా దాని మీద కాళ్ళు తొక్కుకుని వెళ్ళాలన్నాడు. నీళ్ళ తొట్టి తోమించి ఎండలో పెట్టించాడు.

తరవాత టీకా. ఇది జబ్బు చేశాక పనికొచ్చేది కాదనీ, చెయ్యకముందే వెయ్యాలనీ, అదృష్టం బాగుండి ఇంకా ఎవరికీ సోకినట్టు లేదనీ చెప్పాడు. ఒక్కొక్క కోడినీ పట్టుకుని కంట్లో ఒక చుక్క, ముక్కులో ఒక చుక్క వేశాడు. ఆయనకి వరసలు తెలియవు. చేతికి ఎవరు దొరికితే వాళ్ళని పట్టుకున్నాడు. పింగళమ్మది పదిహేడో వంతు అయింది. అందరూ ఆవిడ ఏమంటుందోనని చూశారు. ఆవిడ కళ్ళు ఆర్పి, మందు వేసే చోట వరస ఉండదని కొత్త నియమం చెప్పింది. సేతువని కూత మధ్యలో పట్టుకున్నారు. మిగతా సగం కూత ఆయన మర్నాడు కూశాడు.

ఆ రాత్రి పెద్ద వాన పడింది. తెల్లవారాక నక్కగారు గొయ్యి దగ్గరికి వచ్చారు. ముప్పై రెండు అనుకున్నది ఒకటికి దిగింది, ఆ ఒక్కటైనా తన కష్టార్జితమని ఆయన లెక్క. నాలుగు రోజులుగా కడుపులో ఏమీ పడలేదు. పైమట్టి మెత్తగా ఉంది, చకచకా తవ్వి మూతి లోపలికి దూర్చారు. కింద బస్తా సున్నం వాననీళ్ళు తాగి ఉడుకుతోంది.

ఆయన అరుపు ఊళ్ళోవాళ్ళందరూ విన్నారు. అచ్చాయమ్మగారు కర్ర తీసుకుని వెళ్ళేసరికి గొయ్యి దగ్గర ఎవరూ లేరు. ఆవిడ మట్టి మళ్ళీ కప్పించి, పైన బండరాళ్ళు పేర్పించారు.

నువ్వులమ్మ మాత్రం పాకలోనే ఉండిపోయింది. తన కాళ్ళకీ ఈకలకీ ఏమంటిందో తనకే తెలియదు గనక, మాట ప్రకారం ఇరవై ఒక్క రోజులూ ఇటు రానంది. ఆ రోజులు బాగానే భారంగా గడిచాయి. అయితే మొదటివారం తిరక్కుండానే ఒక వింత జరిగింది. పొద్దున్నే నీళ్ళు తాగాక పింగళమ్మ గోడెక్కి, నీ ఊపిరెలా ఉంది, రెట్టెలా ఉందని కేకేసి అడగడం మొదలుపెట్టింది. తరవాత తన గొంతు ఎలా వినబడుతోందని అడిగింది. ఆ తరవాత అందరూ అడగడం మొదలుపెట్టారు. ఎవరి గుడ్డు పెంకు ఎలా ఉందో, ఎవరి రెట్ట ఏ రంగో ప్రతి పొద్దునా వాకిలి మీదుగా పెద్ద గొంతుతో చెప్పుకునేవారు. నువ్వులమ్మ అన్నీ విని, ఎవరికి ఏం చెప్పాలో చెప్పేది. ఆవిడకి ఆ పొద్దులు ఎంతో సంతోషంగా ఉండేవి. సత్తియ్యకి మటుకు మేత సహించేది కాదు.

పద్దెనిమిదో రోజున నక్కగారు వల దగ్గర కనిపించారు. మూతి తెల్లగా పొక్కి వాచిపోయింది. వాసన తెలియడం లేదు గనక, రాలిన జీడిమామిడి పళ్ళు తిని బతుకుతున్నారు. వాటివల్ల గొంతు గీరుకుపోయి మాట బొంగురుగా వచ్చింది.

"పింగళమ్మగారూ, అందరూ కులాసాయేనా అండి?"

"కులాసాయేనండి."

"ఎవరికీ కాస్త రొంపలాంటిది కూడా లేదా?"

"లేదు."

"మెడలవీ?"

"నిటారుగా ఉన్నాయి. గుడ్లు కూడా రోజూ పెడుతున్నాం. మీకేమైందండీ మూతికి?"

"ఎండకి పొక్కిందండి," అన్నారు నక్కగారు.

అప్పుడు పాక గుమ్మంలోంచి నువ్వులమ్మ పలకరించింది. కాంతంగారు కొత్త గంప తెచ్చారనీ, కొత్త చిప్ప కూడా పెట్టారనీ, మీవైపు నుంచి ఇంకెవరైనా చుట్టాలుంటే మొహమాటపడకుండా తీసుకురమ్మనీ చెప్పింది. ఇరవై ఒక్క రోజులూ తాను దగ్గరుండి చూసుకుంటానంది.

నక్కగారు గంప వైపు చూశారు. వల వైపు చూశారు. గోడ మీద వరసగా కూర్చున్న ముప్పై ఒక్క పెట్టల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ వెళ్ళి, పుంజు దగ్గర ఆగారు.

"కోళ్ళవైపు నాకింక చుట్టాలెవరూ మిగల్లేదండి," అన్నారు. అని, జీడితోటలోకి మెల్లిగా నడిచి వెళ్ళిపోయారు.

నీతి: వచ్చిన చుట్టానికి చోటివ్వండి, తొట్టి మాత్రం వేరే పెట్టండి.